సంత బేరం నుంచి ఫోను పాట దాకా: మన సరుకు, మన ధర



ఈ మధ్య ఏ సంఘం మీటింగుకు పోయినా ఒక మాట వినపడుతున్నది. "ఆన్‌లైన్‌ల వేలం పాట పెట్టి అమ్ముకుంటే మస్తు లాభమంట కదా. మన దిక్కు దొరికే సరుకు ఏదన్న తక్కువకు కొని అందులో పెడదామా? స్త్రీనిధి లోను తీసుకుందామా?" అని అడుగుతున్నరు. అడగవలసిన ప్రశ్నే. కాని లోను కాగితం మీద సంతకం పెట్టకముందు ఒకసారి వెనక్కి తిరిగి చూడటం మంచిది. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు సరుకు పూర్వం నుంచి ఎట్ల అమ్ముడుపోయింది? ధర ఎవరు కట్టిండ్రు? లాభం ఎవరి దగ్గర ఆగింది? ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న వేరు పడ్డయి గాని అంతకు ముందు అంతా ఒక్క పాలమూరే. అందుకని మూడింటి కథ కలిపే చెబుతున్న.

ముందే ఒక్క మాట చెప్పి మొదలుపెడత. నేను చదివిన దాంట్లో, పెద్దల దగ్గర విన్న దాంట్లో ప్రతి కాలంలోనూ ఇద్దరే లాభపడ్డరు. ఒకరు, అవతలి ఊర్ల ధర తెలిసినోళ్లు. ఇంకొకరు, ధర వచ్చేదాక ఆగగలిగినోళ్లు. సరుకు తయారుచేసినోళ్లకు ఈ రెండూ లేకుండె. అందుకే మంచి సరుకు మన దగ్గర ఉన్నా పైసలు వేరే దగ్గర పోగైనయి.

పాట మనకు కొత్త కాదు

వేలం అంటే కంప్యూటరు వచ్చినంక పుట్టింది కాదు. సంతల తైబజారు వసూలు చేసే హక్కును ఏటా వేలం వేస్తరు. చెరువుల చేపల పాట ఉంటది. గుడిలో అమ్మవారికి వచ్చిన చీరలకు పాట పెడతరు. హైదరాబాదు దగ్గర బాలాపూర్ గణేశుని లడ్డూ వేలం 1994ల 450 రూపాయలతో మొదలైంది. ఇప్పుడు లక్షల మీద పోతున్నది. లడ్డూ తీపి పెరిగిందా? లేదు. దాన్ని కోరేవాళ్లు పెరిగిండ్రు, నలుగురి ముందు గెలిచిన గౌరవం పెరిగింది. వేలంలో ధర పెరగాలంటే ఒక్క వస్తువును కోరేవాళ్లు కనీసం ఇద్దరు ఉండాలె. ఒక్కడే ఉంటే అది పాట కాదు, వాడు చెప్పిందే ధర.

మనకు అందరికంటె బాగ తెలిసిన పాట చీటీ పాట. చీటీలో ఎక్కువ తగ్గించుకొని ఎత్తుకునేది ఎవరు? బిడ్డ పెండ్లో, దవాఖాన ఖర్చో మీద పడినోళ్లు. తొందర లేనోళ్లు చివరిదాక కూర్చొని కసరు తింటరు. ఎవరికి అవసరం ఎక్కువ ఉంటదో వాళ్లకే నష్టం ఎక్కువ. ఈ ఒక్క ముచ్చట గుర్తు పెట్టుకుంటే కింద రాసేదంతా తేలికగ అర్థమయితది.

సంస్థానాల కాలంల సంతలు, సిక్కాలు

నిజాం రాజ్యంల మన దిక్కు సంస్థానాలు ఉండె. గద్వాల, వనపర్తి, కొల్లాపురం రాజధానిగా జటప్రోలు, ఆత్మకూరు రాజధానిగా అమరచింత, ఇంకా గోపాలపేట. ఈ రాజులు నిజాముకు కప్పం కట్టి తమ తమ ఇలాకాలను ఏలుకునేది. గద్వాల కోట కట్టించిన సోమనాద్రి పేరు ఇప్పటికీ పాటల్లో వినపడుతది. గద్వాలకూ వనపర్తికీ ఒక కాలంల సొంత టంకశాలలు ఉండె. పక్కన నారాయణపేటలో కూడా నాణేలు కొట్టిండ్రు. ఆ నాణేలను ఇయ్యాల నాణేలు పోగుచేసేవాళ్లు ప్రత్యేకంగ వెతుక్కుంటరు.

అప్పుడు సరుకు ఒక్క తీరు, పైసలు ఇంకొక తీరు. నిజాం రూపాయిని హాలీ సిక్కా అనేది, ఇంగ్లీషోళ్ల రూపాయిని కల్దారు అనేది. ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు కల్దారు రూపాయలు వస్తుండె. మన దగ్గర హాలీతో కొని, తుంగభద్ర అవతల కర్నూలులో కల్దారుతో అమ్మే వ్యాపారికి ఈ మారకం లెక్క నోటికి వచ్చు. పత్తి, నూలు, చింతపండు అమ్ముకునే మనిషికి రాదు. అండ్లనే ఒక లాభం దాక్కొని ఉండె. హాలీ సిక్కా చెలామణి 1959 దాక సాగింది. మన అవ్వలు తాతలు ఈ లెక్కల మధ్యనే బతికిండ్రు.

సంతల బేరం ఎట్ల జరుగుతుండెనో పశువుల సంతకు పోయినోళ్లకు తెలుసు. పెబ్బేరు సంత ఇప్పటికీ పేరున్న సంత. దలారి, కొనేటోడు ఇద్దరూ తువ్వాల కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకొని ధర చెప్పుకుంటరు. పక్కనున్న మనిషికి తెలువది. ఒక్కోసారి అమ్మే రైతుకు కూడా అసలు ధర ఎంత తెగిందో పూర్తిగ తెలువది. తువ్వాల కింద ధర దాగినన్ని దినాలు దలారి బతికిండు. వేలం పాటలో మంచి ఏమన్న ఉందంటే అది ఇదే. తువ్వాల తీసేసి ధరను నలుగురి చెవిన పడేటట్టు చేస్తది.

గద్వాల చీర నేర్పిన పాఠం

మన సరుకులో అన్నిటికంటె దూరం పోయింది గద్వాల చీర. సంస్థానం వాళ్లు నేతగాండ్లను కాశీకి పంపి పని నేర్పించిండ్రని పెద్దలు చెబుతరు. నూలు ఒడలుకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నెయ్యడం ఈ చీర ప్రత్యేకం. అంచు వేరే నేసి కుట్టింది కాదు. ఒడలు పేక దారము, అంచు పేక దారము మగ్గం మీదనే ఒకదానికొకటి కొక్కెం పడతయి. దీన్ని కుప్పడం అంటరు. నాడెలు మార్చి మార్చి వెయ్యాలె, పక్కన సాయం మనిషి కావాలె. ఆ సాయం మనిషి చాలా ఇండ్లల్ల ఆడమనిషే. కండెలు చుట్టేది, దారం అతికేది, ఆసు పోసేది మన అక్కలే. కాని చీర మీద వాళ్ల పేరు ఎక్కడా ఉండది.

తిరుపతి వెంకటేశ్వర స్వామికి బ్రహ్మోత్సవాలప్పుడు గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు పోతయి. నేతగాండ్లు నిష్ఠతో నేసి పంపే ఆచారం సంస్థానం పోయినా ఆగలేదు. గద్వాల, రాజోలి, అయిజ, ఇటు వనపర్తి దిక్కు కొత్తకోట, అమరచింత, ఈ ఊర్లన్నీ మగ్గం మీద బతికిన ఊర్లే. 2009 అక్టోబరుల తుంగభద్ర వరదకు రాజోలి మునిగి మగ్గాలు, నూలు, ఇండ్లు పోయినయి. అయినా మళ్లీ గుంతలు తవ్వుకొని మగ్గాలు నిలబెట్టుకున్నరు.

మరి లాభం ఎవరికి పోయింది? చాలా మంది నేతగాండ్లు మాస్టర్ వీవర్ దగ్గర నూలు, పట్టు, జరీ తీసుకొని, చీర నేసి ఇచ్చి కూలి తీసుకునేటోళ్లే. చీర హైదరాబాదుల, బెంగళూరుల ఎంతకు పోతుందో వాళ్లకు తెలిసేది కాదు. తెలిసినా చేసేదేమి లేకుండె. వారం కూలి రాకపోతే ఇల్లు గడవది. ధర తెలువకపోవడం ఒకటి, ఆగలేకపోవడం ఇంకొకటి. సహకార సంఘాలు, ఆప్కో వచ్చింది ఈ రెండింటికి మందుగానే. ఆప్కో 1976ల మొదలైంది. కొంతవరకు పని జరిగింది.

తర్వాత వచ్చిన పెద్ద తిప్పలు నకిలీ. మరమగ్గం మీద గంటల్లో తీసిన బట్టకు గద్వాల అని పేరు పెట్టి అమ్ముడు మొదలైంది. చేనేతకే కొన్ని రకాలు కేటాయిస్తూ 1985ల చట్టం వచ్చింది. 2006ల చేనేత గుర్తు వచ్చింది. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, వచ్చింది. దాని అర్థం ఏమంటే ఈ ప్రాంతంల ఈ పద్ధతిల నేసిన చీరకే ఆ పేరు చెల్లుతది. ఫోనులో ఫొటో చూసి కొనేటోళ్లకు బట్ట చేతికి తగలది. అందుకని వాళ్లు గుర్తును చూస్తరు, నమ్మకాన్ని చూస్తరు. మన దగ్గర కొని అమ్మాలనుకునే అక్కలు చీరను తిప్పి చూడటం నేర్చుకోవాలె. అంచు, ఒడలు కలిసే చోట వెనక వైపు దారాలు పెనవేసుకొని ఉన్నయా లేదా చూడాలె. నేసినోళ్ల ఊరు, మగ్గం రాసి పెట్టుకోవాలె. ఆ రాసి పెట్టుకున్న కాగితమే తర్వాత ధర.

పల్లికాయ యార్డుల ఫోను పాట

ఆన్‌లైన్ వేలం మన మూడు జిల్లాలలో అందరికంటె ముందు చూసింది ఎవరో తెలుసా? పల్లికాయ రైతులు.

పాత రోజులల్ల పల్లికాయ నేరుగ సేటు ఇంటికి పోయేది. విత్తనానికి, పండుగకు సేటు దగ్గరనే అప్పు. పంట రాంగనె సేటు చెప్పిన రేటుకే తూకం. తూకంలో తరుగు, ధర్మం, దలాలి అని కోతలు. ఈ కోతలు ఆపాలని నిజాం సర్కారు 1930ల వ్యవసాయ మార్కెట్ల చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌ అయినంక 1966ల కొత్త చట్టం వచ్చింది. యార్డులో కుప్ప పోసుకోవడం, వ్యాపారులు కుప్ప కుప్ప తిరిగి పాట పాడటం అలవాటయింది. కాని వ్యాపారులు పొద్దుగాల చాయ్ దగ్గరనే కూడబలుక్కుంటే, పాట పాడినట్టే ఉంటది, ధర మాత్రం లేవది.

2016 ఏప్రిల్ 14న కేంద్ర సర్కారు ఇ-నామ్ అనే పద్ధతి మొదలుపెట్టింది. ఎనిమిది రాష్ట్రాలల్ల 21 మార్కెట్లతో మొదలైతే, అందులో మన పాత పాలమూరు జిల్లా బాదేపల్లి మార్కెట్ ఒకటి. జడ్చర్లల ఉంటది అది. ఆ తర్వాత మన దిక్కు యార్డులకూ ఇదే పద్ధతి వచ్చింది. గేటు కాడ సరుకు రాసి లాటు నంబరు ఇస్తరు. వ్యాపారి ఫోనులోనో కంప్యూటరులోనో తన ధర కొడతడు. పక్కోడు ఎంత కొట్టిండో కనపడది. టైము అయిపోంగనె ఏ లాటుకు ఎవరు ఎక్కువ కొట్టిండ్రో తేలుతది. ఆ ధర నచ్చకపోతే అమ్మను అనే హక్కు రైతుకు ఉంటది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. అమ్మను అనే హక్కు కాగితం మీద అందరికీ ఉంది. వాడుకోగలిగేది ఎవరు? సరుకు దాచుకునే జాగ ఉన్నోళ్లు, ఇంటికి రాంగనె అప్పుల వాళ్లు గడప మీద కూర్చోనోళ్లు. మిగతావాళ్లు మిషను వచ్చినా, ఫోను వచ్చినా, చెప్పిన ధరకే ఇచ్చి పోయిండ్రు. కొనేటోళ్లు కూడా ఎక్కువగ అదే ఊరి వ్యాపారులైతే పోటీ పెరగది. అంటే ఫోను ధరను బయటపెట్టగలదు గాని, ఆగే శక్తిని ఇయ్యలేదు. అది మనమే సంపాదించుకోవాలె.

ఇంటర్నెట్ వేలం ఎక్కడ పుట్టింది, మన దేశంల ఏమైంది

1995 సెప్టెంబరుల అమెరికాల పియెర్ ఒమిడ్యార్ అనే ఆయన ఇంటర్నెట్‌ల వేలం సైటు ఒకటి పెట్టిండు. అదే తర్వాత ఈబే అయింది. మొదట అమ్ముడుపోయిన వస్తువు పాడైపోయిన లేజరు పాయింటరు అని ఆ కంపెనీ చెప్పుకునే కథ. పలికిన ధర 14 డాలర్ల 83 సెంట్లు. పాడైన వస్తువు అని తెలిసే కొన్నడంట, పాడైనవే పోగుచేసే మనిషంట. మన ఇంట్ల చెత్త అనిపించింది ఇంకెక్కడనో ఒకరికి కావలసింది అయి ఉంటది. ఆ ఒక్క మనిషిని వెతికి పట్టుకోవడమే వేలం సైటు చేసే పని.

మన దేశంల 2000ల బాజీ డాట్ కామ్ అని ఒక వేలం సైటు వచ్చింది. 2004ల దాన్ని ఈబే దాదాపు 5 కోట్ల డాలర్లకు కొన్నది. 2017ల ఈబే ఇండియా వ్యాపారం ఫ్లిప్‌కార్టు చేతికి పోయింది. 2018 ఆగస్టు 14న ఆ సైటు మూతపడ్డది. అంటే ఇయ్యాల మన ఫోనుల మనం చూసే పెద్ద కంపెనీలన్నీ ధర రాసి పెట్టి అమ్మేవే, పాట పాడేవి కావు. అమెజాన్‌ల సహేలి, ఫ్లిప్‌కార్టుల సమర్థ్ అని ఆడవాళ్ల సంఘాలకు, చేనేతవాళ్లకు పద్ధతులు పెట్టిండ్రు. అవీ ధర రాసి అమ్మేవే. సర్కారు సరస్ అమ్మకాలు, ఈ-సరస్ కూడా అంతే.

మరి వేలం ఎక్కడ మిగిలింది? ఒక్కటే ఒక్కటి ఉండే వస్తువులకు మిగిలింది. పాత నాణేలు, స్టాంపులు, పాత పుస్తకాలు, పాత బట్టలు. ముంబై, బెంగళూరులల్ల నాణేల వేలం సంస్థలు ఉన్నయి. ఫోను మీద కూడా పాట పాడొచ్చు. ఇంకోటి పెద్ద ఎత్తున అమ్మే సరుకుకు మిగిలింది. తిరుమల దేవస్థానం తలనీలాలను పొడుగు ప్రకారం రకాలు చేసి ఈ-వేలంలో అమ్ముతది.

మన ఇండ్లల్ల నుంచి పోయిన సరుకు

తలనీలాల ముచ్చట వచ్చింది కాబట్టి మన గల్లీలకు వద్దాం. మోటరు సైకిలు మీద వచ్చి "వెంట్రుకలకు గిన్నెలు, వెంట్రుకలకు బుగ్గలు" అని అరిచేటోళ్లను చూస్తనే ఉన్నం. దువ్వెన వెంట్రుకలు చుట్ట చుట్టి గోడ సందుల పెట్టి, ఏడాదికి ఒక చిన్న గిన్నె తెచ్చుకుంటం. ఆ వెంట్రుకలు చిక్కు తీసి, రకాలు చేసి, సవరాలకు, విగ్గులకు దేశాలు దాటి పోతయి. మనకు వచ్చింది గిన్నె. అవతలి ఊర్ల ధర తెలువకపోతే ఏమయితదో చెప్పడానికి ఇంతకంటె చిన్న కథ అవసరం లేదు.

స్టీలు సామాను కొత్తగ వచ్చినప్పుడు ఇత్తడి బిందెలు, రాగి కాగులు, కంచు పళ్లాలు ఇచ్చి స్టీలు తెచ్చుకున్న ఇండ్లు ఎన్నో. పాత వస్తువులు తూకం లెక్కన పోయినయి. ఇప్పుడు నగరాలల్ల అవే బిందెలు ఇంటి అలంకారానికి పెట్టుకుంటున్నరు, పాతది అని చెప్పి తూకానికి మించి అమ్ముతున్నరు. అట్లనే "పాత జరీ చీరలు కొంటం" అని వచ్చేటోళ్లు. పాత జరీల వెండి తీగ, పైన బంగారు పూత ఉంటుండె. వాళ్లు చీరను కాలబెట్టి వెండి తీసుకునేటోళ్లు. అవ్వ పెండ్లి చీర మీది అంచు డిజైను, దాని కోటకొమ్మ, అన్నీ పొయ్యిల పోయినయి. ఇయ్యాల అదే డిజైను మళ్లీ నెయ్యాలంటే నమూనా దొరుకుత లేదు.

అచ్చంపేట, కల్వకుర్తి దిక్కు తండాలల్ల లంబాడి అక్కల పాత కుట్టు పని ఇంకొక కథ. అద్దాలు, గవ్వలు, రంగు దారాలతో ఏండ్ల తరబడి కుట్టుకున్న కాంచ్‌లీలు, పేటియాలు ఉండె. పాత లంబాడి కుట్టు బట్టలను విదేశాలల్ల పోగుచేసేటోళ్లు ఉన్నరు. ఆన్‌లైన్ వేలాలల్ల, అంగళ్లల్ల వాటికి మంచి గిరాకి. మన దగ్గర మాత్రం కట్టడం మానినంక పాత గుడ్డల కింద పోయినయి. గొంగడి ముచ్చట కొంచెం నయం. దక్కని గొర్రె ఉన్నితో కురుమోళ్లు చేసే నల్ల గొంగడిని ఇప్పుడు నగరాల వాళ్లు ఫోన్ల మీద తెప్పించుకుంటున్నరు.

నల్లమలల చెంచుల తేనె, జిగురు, కుంకుడుకాయ కూడా ఇదే దారిల పోయినయి. ఉప్పుకు, గుడ్డకు అడవి సరుకు మార్చుకున్న కాలం ఉండె. ఆ మోసం ఆపడానికి 1956ల గిరిజన సహకార సంస్థ పుట్టింది. అమ్రాబాద్ దిక్కు ఉండే మచ్చల పశువులను చూడండి. మనకు అవి మామూలు తూర్పు పశువులే. 2020ల పొడ తూర్పు అనే పేరుతో వాటిని ప్రత్యేక జాతిగ దేశమంతా గుర్తించింది. పశువు మారలేదు. దాని పేరు, పుట్టుక కాగితం మీదికి ఎక్కినయి.

ఏది అమ్మొద్దు

పాత సరుకు వెతికి అమ్ముదాం అనుకునే ప్రతి అక్క ఈ నాలుగు మాటలు తప్పకుండ చదవాలె.

మొదటిది, నూరేండ్లు దాటిన విగ్రహాలు, నాణేలు, కళా వస్తువులు 1972 నాటి పురావస్తు చట్టం కింద వస్తయి. చేతిరాత పుస్తకాలకైతే 75 ఏండ్లు చాలు. వీటిని దేశం దాటించొద్దు. వ్యాపారంగ అమ్మాలంటే లైసెన్సు ఉండాలె. అంటే సంస్థానం నాణేలు కొని, పార్సెలు కట్టి విదేశానికి పంపడం నేరం.

రెండోది, పొలం దున్నుతుంటె, పునాది తవ్వుతుంటె పాత నాణేల కుండ దొరికితే అది మనది అనుకోవద్దు. పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నుంచి చట్టం ఉంది.

మూడోది, అడవి జంతువుల సరుకు. జింక కొమ్ము, అలుగు పొలుసు, నక్షత్ర తాబేలు, రెండుతలల పాము, ఎవరు ఎంత ఇస్తమన్నా ముట్టొద్దు. మన పక్కనే అమ్రాబాద్ పులుల అడవి ఉంది, కేసులు గట్టిగ ఉంటయి.

నాలుగోది, "మీ దగ్గర ఉన్న పాత నాణేనికి లక్షలు ఇస్తం, ముందు ఫీజు కట్టండి" అని వచ్చే మెసేజులు. 2021 ఆగస్టుల రిజర్వు బ్యాంకే ఇది మోసమని హెచ్చరించింది. పాత నోట్లు, నాణేలు అమ్మిపెడతమని రిజర్వు బ్యాంకు ఎవరి దగ్గరా ఫీజు అడగది. కొనేటోడు మనకు పైసలు ఇయ్యాలె గాని మనల్ని అడగడు. ఓటీపీ చెప్పొద్దు, క్యూఆర్ కోడు పంపి స్కాన్ చెయ్యమంటే చెయ్యొద్దు. పైసలు రావడానికి స్కాన్ చేసే పని ఉండది.

లెక్క వేసి చూద్దాం

లాభం అంటే కొన్న ధరకు, అమ్మిన ధరకు తేడా కాదు. ఒక ఉదాహరణ లెక్క చెబుత. ఒక పాత ఇత్తడి బిందె 1500కు కొన్నమనుకుందాం. 2600కు అమ్ముడుపోయింది. చూడటానికి 1100 లాభం. ఇప్పుడు ఖర్చు తియ్యండి. నూటికి 15 లెక్కన కంపెనీ కమీషను 390. కొరియరు 350. అట్టపెట్టె, ప్యాకింగు 150. రానుపోను, ఫొటోలు 100. మొత్తం 990. చేతిల మిగిలింది 110 రూపాయలు. ఒక్కటి వాపసు వచ్చిందంటే పది బిందెల లాభం పోయినట్టే. లోను మీద తెచ్చి కొని, మూడు నెలలు అమ్ముడుపోకపోతే మిత్తి కూడా దీంట్లనే తియ్యాలె.

జీఎస్టీ మాట కూడా తెలుసుకోవాలె. 2023 అక్టోబరు 1 నుంచి చిన్న అమ్మకందారులు జీఎస్టీ నంబరు లేకున్నా పేరు నమోదు చేసుకొని, రాష్ట్రం లోపలి వరకు సైట్ల మీద సరుకు అమ్ముకోవచ్చు. రాష్ట్రం దాటాలంటే ముందుగ లెక్కలు తెలిసినోళ్లను అడిగి దిగాలె.

నాకు తోచింది ఇట్ల. గద్వాల చీర, గొంగడి, తేనె, పల్లి పట్టీలు, ఇట్ల మళ్లీ మళ్లీ తయారయ్యే సరుకును పాటకు పెట్టొద్దు. మన ఖర్చు, మన కూలి లెక్క కట్టి ధర రాసి అమ్మాలె. పాటలో పెడితే ఒక్కడే వచ్చిన రోజు మన కూలి కూడా రాదు. ఒక్కటే ఒక్కటి ఉండే పాత బట్టలు, నూరేండ్లు దాటని పాత సామాను, ఇవి పాటకు సరిపోతయి. అప్పుడు కూడా ఇంతకు తక్కువైతే ఇయ్యను అనే కనీస ధర ముందే రాసి పెట్టాలె. అదే సైటుల అటువంటి వస్తువు ఇంతకు ముందు ఎంతకు అమ్ముడుపోయిందో చూడాలె. అడిగిన ధర కాదు, పలికిన ధర చూడాలె. రెండింటికీ చాలా తేడా ఉంటది.

ఇంకొక మాట. మన సభ్యుల ఇంట్ల ఉన్న పాత చీరను మనమే తూకం ధరకు కొని బయట పది రెట్లకు అమ్మితే మనకూ ఆ పాత దలారికీ తేడా ఏముంది? కొనేటప్పుడే అసలు ధర చెప్పి, అమ్మినంక వాటా ఇచ్చే పద్ధతి పెట్టుకుంటే బాగుంటది. అమ్మకముందు ప్రతి పాత చీర అంచును ఫొటో తీసి నేతవాళ్లకు ఇస్తే ఆ డిజైను మళ్లీ మగ్గం ఎక్కుతది. ఒక చీర ఒక్కసారే అమ్ముడుపోతది. డిజైను నూరుసార్లు అమ్ముడుపోతది.

సంఘం ఇచ్చింది ఏమిటి

1995ల ఐక్యరాజ్య సమితి సాయంతో పేదరికం తగ్గించే పథకం మొదలైన మూడు జిల్లాలల్ల పాలమూరు ఒకటి. 2000ల వెలుగు పథకం మొదటి ఆరు జిల్లాలల్ల కూడా పాలమూరు ఉంది. అంటే సంఘాల చరిత్రల మనది మొదటి వరుస. అప్పటి నుంచి మనం చేసిన పెద్ద పని పొదుపు ఒక్కటే అనుకుంటరు. నా దృష్టిల మనం సంపాదించుకుంది ఆగే శక్తి. సంఘం నుంచి వెయ్యి రూపాయలు అప్పు దొరికిన నాడే మన అక్కలు సేటు చెప్పిన ధరకు పంట ఇయ్యడం తగ్గింది. ఐకేపీ కొనుగోలు కేంద్రాలల్ల వడ్లు కొన్నం. తేమ మిషను పట్టినం, కాంట మీద మన కండ్లతోనే తూకం చూసినం, రిజిస్టరు రాసినం. ఫోను మీద అమ్మడానికి కావలసింది కూడా ఇదే. సరుకు నిజం చెప్పడం, తూకం సరిగ్గ చూడడం, రాసి పెట్టుకోవడం.

అందుకని మన సమాఖ్య ముందు ఒక విన్నపం పెడుతున్న. ప్రతి గ్రామ సంఘంలో ఒక ధరల రిజిస్టరు పెడదాం. మన ఊర్ల ఏ సరుకు ఉంది, ఎవరు చేస్తరు, మన దగ్గర ధర ఎంత, హైదరాబాదుల ఎంత, ఫోనుల ఎంత, నెలకొకసారి రాద్దాం. చదువుకున్న మన బిడ్డలు ఫోను చూసి అరగంటల చెప్పే పని ఇది. మొదటి ఆరు నెలలు లోను లేకుండ, కొనకుండ, మన సభ్యులు చేసిన సరుకునే నాలుగైదు రకాలు పెట్టి చూద్దాం. ఏది కదులుతదో తెలిసినంక పెట్టుబడి మాట ఆలోచిద్దాం. కిస్తీ తరుముతుంటె అమ్మే మనిషి ఏ పాటలోనైనా ఓడిపోతది. చీటీ పాటలో చూసినం, పల్లికాయ యార్డుల చూసినం.

మన అవ్వలకు తువ్వాల కింద ఏముందో తెలువకుండె. మనకు ఆ తువ్వాల లేదు, చేతిల ఫోను ఉంది. ధర చూసుకుందాం, కలిసి ఆగుదాం. వచ్చే మహాసభకు ప్రతి గ్రామ సంఘం తన రిజిస్టరు మొదటి పేజీ రాసుకొని రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్న.

ఇట్లు,
మీ చెల్లెలు,
ఒక సంఘం లీడరు